చెల్లెలి పేరు మీద లైసెన్సు

చెల్లెలికి లైసెన్సు వచ్చిన సంగతి నాకు అమ్మ చెప్పింది. వంటింట్లో వంజరం చేప ముక్కలకు కారం పట్టిస్తూ, నా వైపు తిరక్కుండానే అంది.

“చిన్నమ్మ ఫోన్ చేసింది మే. దానికి ఏందో లైసెన్స్ వచ్చేసిండాదంట. కారుదా?”

“కారుది కాదు మా. వీడియో గేములది.”

“గేములు నువ్వు గదా చేసేది?”

నేను ఫ్రిజ్ తలుపు తెరిచి, ఏమీ వెతక్కుండా దాని ముందు కాసేపు నిలబడ్డాను. మొహానికి చల్లగాలి తగులుతోంది. కడుపులో మాత్రం మంట మొదలైంది. ఆ మంటను ఏమంటారో నాకు తెలుసు. తెలిసినంత మాత్రాన అది చల్లారదు.

మొదట నేను చేసే పనేమిటో చెప్పాలి. పుదుచ్చేరిలో, పెద్ద కాలువకు పడమటి వైపు, మా ఇంటి మేడమీది గదిలో కూర్చుని చిన్న చిన్న వీడియో గేములు ప్రచురిస్తాను. ఎక్కడో ఒకరో ఇద్దరో చేసిన ఆటను తీసుకుని, తప్పులు వెతికి, అనువాదాలు చేయించి, మీద బొమ్మ వేయించి అమ్మకానికి పెడతాను. పుస్తకాలు వేసేవాళ్ళు చేసే పనే. నేను వేసే ఆటల్లో తుపాకులుండవు, కారు పందేలుండవు. ఒకదానిలో పాత రేడియో ముల్లు తిప్పుతూ స్టేషన్లు పట్టుకోవడమే ఆట. ఇంకొకటి మన పులి–మేకే, కాకపోతే మేకలకు కూడా బుర్ర ఉంటుంది. ఇలాంటివి కొనేవాళ్ళు కొద్దిమందే. ఆ కొద్దిమందీ ప్రపంచంలో తలో మూల ఉంటారు. ఒకసారి నచ్చితే మాత్రం వదలరు. వాళ్ళంతా అడిగేది ఒకటే: “ఇది కన్సోల్లో ఎప్పుడొస్తుంది? మంచం మీద పడుకుని ఆడుకోవాలని ఉంది.”

కంప్యూటరులో ఆడే ఆటనైతే ఎవరైనా అమ్ముకోవచ్చు. కన్సోల్ సంగతి వేరు. టీవీకి తగిలించుకునో చేతిలో పట్టుకునో ఆడే ఆ యంత్రాన్ని ఏ కంపెనీ తయారు చేసిందో ఆ కంపెనీయే దాని గుమ్మంలో కూర్చుని ఉంటుంది. ఎవరు ప్రచురణకర్తో, ఎవరు కాదో అదే తేలుస్తుంది. మొదట మన సంస్థను ఒప్పుకోవాలి. ఒప్పుకున్నాక, ఆట తయారీకి పనికొచ్చే ఒక ప్రత్యేకమైన యంత్రం పంపుతుంది. కిట్ అంటారు దాన్ని. మన దగ్గరున్నా అది వాళ్ళ సొత్తే. దాన్ని తాళం వేసిన గదిలో పెట్టాలి, దాని గురించి బయట నోరు విప్పనని సంతకం చేయాలి. తర్వాత ప్రతి ఆటనూ వాళ్ళ మనుషులు పరీక్షిస్తారు. వాళ్ళు సరేనంటేనే అమ్మకం. చేత పట్టుకునే కార్ట్రిడ్జ్‌గా, అంటే యంత్రంలో దూర్చే చిన్న బిళ్ళగా వేయాలంటే, ఇన్ని వేలకు తగ్గకుండా అని ముందే డబ్బు కట్టి చేయించుకోవాలి. అంతమంది కొనేటట్టయితే మావి చిన్న ఆటలెందుకు అవుతాయి?

నేను చాలాసార్లు ప్రయత్నించాను. దరఖాస్తులో మీ సంస్థ ఏ దేశంలో ఉంది అని ఒక గడి ఉంటుంది. నొక్కితే దేశాల పేర్లు వరసగా జారుతాయి. ఆ వరసలో మన దేశం లేదు. రెండుసార్లు పైనుంచి కిందికి చదివాను, కళ్ళు దాటేశాయేమోనని. ఉత్తరం రాస్తే, మీ ఆసక్తికి ధన్యవాదాలు, ప్రస్తుతానికి మీ ప్రాంతం నుంచి తీసుకోవడం లేదు అని మర్యాదగా జవాబు వచ్చింది. ఇంకో కంపెనీ నుంచి ఆ మాత్రం జవాబు కూడా రాలేదు.

అప్పటికి నా దగ్గర అరియాంకుప్పం ఆట ఉంది. నేను వేసిన వాటన్నిటిలోకీ నాకు ప్రాణం అది.

దాన్ని చేసింది మా ఊరి పక్కనే ఉన్న అరియాంకుప్పంలో, ఇంట్లోనే పిల్లలకు లెక్కల ట్యూషన్ చెప్పే ఒకావిడ. యాభై దాటిన మనిషి. మాలాగే తరాల కిందట వచ్చి స్థిరపడ్డ తెలుగువాళ్ళు. ఊళ్ళో అందరికీ టీచరే, నాకు టీచరక్క. కంప్యూటరు తనంతట తనే నేర్చుకుంది. ఆ ఆటలో మనం చేసేది ఒక్కటే. నది సముద్రంలో కలిసే చోట ఇసుక మేట వేసి దారి మూస్తూ ఉంటుంది. అలల తీరు చూసి, ఇసుకను అటూ ఇటూ జరుపుతూ, తెల్లవారేలోగా పడవలను బయటికి పంపాలి. శత్రువు లేడు. ఇసుకకు మన మీద కోపమూ లేదు. దాని పని అది చేసుకుపోతుంది. మొదటిసారి ఆడినరోజు నా పళ్ళెంలో అన్నం ఎండిపోయింది. లేచి బస్సెక్కి నేరుగా ఆవిడ ఇంటికి పోయాను.

“దీన్ని నేను వేస్తాను టీచరక్కా. ఇంకెవరికీ ఇవ్వొద్దు.”

“ఇంకెవరు అడగతారు మా దీన్ని?” అని నవ్వింది ఆవిడ.

ఆ ఆటను వెతికి పట్టుకుంది నేను. ఈ మాట నేను చాలామందితో చాలాసార్లు అన్నాను. తర్వాత జరిగినదంతా అర్థం కావాలంటే ఈ మాట గుర్తుండాలి.

ఇక చెల్లెలి గురించి. మా చిన్నమ్మ కూతురు, నాకన్నా కొన్నేళ్ళు చిన్నది. మా నాన్న తండ్రి, దాని నాన్న తండ్రి ఒకే మిల్లులో పనిచేశారు, ఒకే వీధిలో ఉన్నారు. ఫ్రెంచివాళ్ళు ఊరు వదిలిపోయాక, కావలసినవాళ్ళు సంతకం పెట్టి ఫ్రెంచి పౌరులుగా ఉండిపోవచ్చని కొన్నాళ్ళు గడువిచ్చారు. దాని తాత పోయి పెట్టాడు. మా తాత పెట్టలేదు. సంతకం పెట్టినవాళ్ళను ఓడ ఎక్కించి యుద్ధానికి తీసుకుపోతారని మిల్లు గేటు దగ్గర ఎవరో చెప్పారట. “మనకెందుకురా ఆ పీడ” అని ఇంటికి వచ్చి పడుకున్నాడట.

ఆ పడుకోవడం వల్ల మా ఇంట్లో ఏమేమి రాలేదో నాకు చిన్నప్పటినుంచీ తెలుసు. చెల్లెలు ఫ్రెంచి బడిలో చదివింది. దాని పెదనాన్న ఫ్రాన్స్ నుంచి వచ్చినప్పుడల్లా రంగు కాగితాల చాక్లెట్లు, చక్రాల బూట్లు, మెత్తని స్వెట్టర్లు తెచ్చేవాడు. ఈ ఊళ్ళో స్వెట్టరు ఎవరికి కావాలి? అయినా నాకు కావాలనిపించేది. చెల్లెలు పిసినారి కాదు. ఏది వచ్చినా సగం నాకు ఇచ్చేది. సగం పంచి ఇచ్చేదాని మీద ఏడవడం చాలా కష్టమైన పని. నేను ఆ పని ఒంటరిగా, ఎవరికీ తెలియకుండా చేసేదాన్ని.

పెద్దయ్యాక అది కాలువకు తూర్పున, ఒకప్పటి ఫ్రెంచివాళ్ళ పేట వైట్ టౌన్‌లో కోడలైంది. కింద అతిథిగృహం దాని భర్త చూసుకుంటాడు, పైన కాపురం. అది అనువాదాలు చేస్తుంది. మా ఆటలకు ఫ్రెంచి కూడా అదే రాసేది, బాగా రాసేది. ఒక మధ్యాహ్నం నా గదిలో కూర్చుని టీచరక్క ఆటకు ఫ్రెంచి సరిచూస్తూ అడిగింది.

“అక్కా, ఆ దేశాల లిస్టులో ఫ్రాన్స్ ఉండాదా?”

“లేకుండా యాడికి పోతాది?”

“అయితే నా పేరు మీద ఆడ ఒక కంపెనీ పెడదామా? పెదనాన్న అడ్రస్ ఉండాది గదా. కాగితాలు నేను చూసుకుంటా.”

నేను వెంటనే ఒప్పుకున్నాను. ఒప్పుకోకపోతే ఆట ఎప్పటికీ కన్సోల్ మొహం చూడదు. అది కాగితాలు నింపింది, నేను పక్కన కూర్చుని మా ఆటల గురించి రాయవలసినవన్నీ రాసిచ్చాను. మనసులో ఒక మూల, దానికి కూడా కాదంటారులే అనే ఆశ ఉండింది. ఆశ అని తెలిసే రాస్తున్నాను, భయం అని కాదు.

వాళ్ళు కాదనలేదు. నన్ను ఏళ్ళ తరబడి గుమ్మం బయట నిలబెట్టిన కంపెనీ, దాన్ని ఒక వానాకాలం గడవకముందే లోపలికి పిలిచింది.

అమ్మ ఆ మాట చెప్పిన సాయంత్రం చెల్లెలు సైకిల్ మీద వచ్చింది, బేకరీ నుంచి ప్లమ్ కేకు తీసుకుని. “నీకే మొదట చెప్పాలనుకున్నా అక్కా, అమ్మ నోరు ఆగలే” అంది. కళ్ళు మెరుస్తున్నాయి. నేను దాన్ని వాటేసుకున్నాను. కేకు తిన్నాను. బాగుంది.

కొన్ని వారాలకు కిట్ వచ్చింది. మొదట ఫ్రాన్స్‌లోని చిరునామాకు వచ్చింది, తర్వాత ఆ కంపెనీ దగ్గర వేరే అనుమతి తీసుకుని ఇక్కడికి తెప్పించుకుంది చెల్లెలు. నేను చూద్దామని పోయాను. ఎన్నో ఏళ్ళుగా బొమ్మల్లో కూడా సరిగా చూడని వస్తువు. వాళ్ళ మేడమీద వరండా చివర ఒక గది ఉంది, అతిథిగృహం పరుపులు పెట్టుకునేవాళ్ళు అందులో. దానికి ఇప్పుడు కొత్త తాళం కప్ప. చెల్లెలు వరండాలోనే నాకు కుర్చీ వేసింది.

“ఏంది మే, చూపించవా?”

“అక్కా...” దుపట్టా చివర వేలికి చుట్టుకుంటూ అంది, “నువ్వు లోపలికి వచ్చేదానికి లేదు. సంతకం పెట్టినాను గదా.”

“నేను ఎవరికి చెప్తాను?”

“చెప్పేది కాదక్కా. చూసేదే కూడదంట. సంతకం పెట్టిన మనిషి తప్ప వేరేవాళ్ళు ఆ గదిలో ఉండకూడదు. మా ఆయన్ని కూడా రానీలే.”

“నీ మొగుడూ నేనూ ఒకటా?”

అది వంటింట్లోకి పోయి కాఫీ తెచ్చింది. ఆ గది తలుపు సందులోంచి చిన్న ఫ్యాను తిరుగుతున్న చప్పుడు వినిపిస్తోంది. ఆ చప్పుడు వింటూ కాఫీ తాగాను. దాని తప్పు లేదు. నియమం అది. అయినా ఆ తలుపు అవతల ఉన్నది నా ఆట, నేను బస్సెక్కి పోయి తెచ్చిన ఆట.

అంతకన్నా ఎక్కువ బాధ పెట్టింది తర్వాత జరిగినది. ఆటను కిట్‌కు తగ్గట్టు మార్చాల్సింది టీచరక్క. ఆవిడకు ఆ రహస్య పత్రాలన్నీ కావాలి. అందుకని చెల్లెలి కంపెనీ ఆవిడను తనకింద పనిచేసే మనిషిగా రాసుకుంది. టీచరక్క కూడా సంతకం పెట్టింది. నన్ను కూడా అలాగే రాసుకోవచ్చు కదా అంటే, చెల్లెలు అడిగి చూసింది. నేను ఇంకో ప్రచురణ సంస్థ యజమానిని. అలాంటివాళ్ళను చేర్చుకోవాలంటే వేరే ఒప్పందం, ఆ ఒప్పందానికి నా సంస్థ కూడా వాళ్ళు ఒప్పుకున్న దేశంలో ఉండాలి. తిరిగి తిరిగి మళ్ళీ అదే జాబితా దగ్గరికి వచ్చి ఆగాను.

టీచరక్క రోజూ పొద్దున ట్యూషన్ అయ్యాక అరియాంకుప్పం నుంచి బస్సులో వచ్చి, నా ఇంటిని దాటుకుని, వైట్ టౌన్‌కు నడిచిపోయేది. అంతకుముందు అదే బస్సు దిగి నా దగ్గరికి వచ్చేది. మేడమీది కిటికీలోంచి నల్ల గొడుగు కనపడేది. ఒకటి రెండుసార్లు పైకి చూసి చెయ్యి ఊపింది. నేనూ ఊపాను.

ఒకసారి చెప్పకుండా పోయాను. ఇద్దరూ వరండాలో కూర్చుని ఇడ్లీలు తింటూ పగలబడి నవ్వుతున్నారు. టీచరక్క ఏదో అంటోంది: “అది మళ్ళీ నిద్ర లేచినాక అలలు రెండింతలు...” నన్ను చూడగానే ఆగిపోయింది. చెల్లెలు కింది పెదవి కొరుక్కుంది.

“ఏంది అంత నవ్వు?” అన్నాను.

“ఏమీ లేదు మా. చెప్పకూడని నవ్వు,” అంది టీచరక్క, ఇబ్బందిగా.

ఇద్దరు మనుషుల మధ్య ఒక భాష పుట్టింది. దానిలో నాకు ఒక్క మాట రాదు. ఒకప్పుడు టీచరక్క ఆటలో ఏ పడవ ఎందుకు ఆ రంగులో ఉందో నాకు తప్ప ఎవరికీ తెలియదు. ఆ పొద్దు నాకు ఇడ్లీ పెట్టారు, మా అమ్మ ఆరోగ్యం అడిగారు, ఎండలు ఎక్కువయ్యాయన్నారు. చుట్టం చూపుగా వచ్చినవాళ్ళతో మాట్లాడినట్టు మాట్లాడారు.

మొదటిసారి పంపినప్పుడు ఆట పరీక్షలో తప్పింది. ఎందుకు తప్పిందో నాకు చెప్పకూడదు. చెల్లెలి మొహం చూసి తప్పిందని పసిగట్టాను. నాకు సంతోషం కలిగింది. నా ఆటే తప్పితే నాకే సంతోషం! ఆ రాత్రి అన్నం తింటూ ఉంటే అమ్మ, “ఏందే ఈ పొద్దు మొహం వెలిగిపోతావుండాది” అంది కూడా.

రెండోసారి దాటింది. అప్పుడు అమ్మకం పేజీ తయారుచేసే పని వచ్చింది. అందరూ చూసే పేజీ కాబట్టి నాకు చూపించారు. ఆట మూడు భాషల్లో ఉంది అని నేను రాసిచ్చాను: తెలుగు, ఫ్రెంచి, ఇంగ్లీషు. మా ఊళ్ళో తెలుగు మాట్లాడేవాళ్ళలో చాలామందికి తెలుగు చదవడం రాదు, మా అమ్మకే రాదు. నేను పెద్దయ్యాక పట్టుబట్టి నేర్చుకున్నాను. టీచరక్కకు రాసిచ్చిన తెలుగు మొత్తం నాదే. ఆ ఆటలో పూర్తిగా నా చేతి పని అంటే అదొక్కటే.

చెల్లెలు పేజీని తెరిచి వేలితో చూపించింది. “భాషల కాడ తెలుగు లేదక్కా. వాళ్ళ లిస్టులో లేదు. ఆట లోపల ఉండొచ్చు, అభ్యంతరం లేదన్నారు. బయట రాసేదానికే లేదు.”

“ఫ్రెంచ్ ఉందా?”

“ఉండాది,” అంది మెల్లగా.

దేశాల జాబితాలో దానిది ఉంది, నాది లేదు. భాషల జాబితాలో కూడా అంతే. మొదటి తెర మీద దాని కంపెనీ గుర్తు మాత్రమే రావాలి. అమ్మేది ఆ సంస్థ కాబట్టి. నా సంస్థ పేరు చివర కృతజ్ఞతల్లో, సంగీతం సరిచేసినాయన పేరు కింద వచ్చింది. ఆట ఎన్ని అమ్ముడయిందో చూపే పేజీ కూడా లైసెన్సు ఉన్నవాళ్ళకే తెరుచుకుంటుంది. నా వాటా నాకు సరిగ్గా పంపింది చెల్లెలు, అందులో ఒక్క మాట అనడానికి లేదు. కానీ ఏ దేశంలో ఎవరు ఆడుతున్నారో, అది నోటితో చెప్పకూడదు, నేను కంటితో చూడకూడదు.

ఆట విడుదలైన రోజు వాళ్ళింట్లో అందరం చేరాం. టీవీకి మామూలు కన్సోల్ తగిలించారు, దానికి ఏ రహస్యమూ లేదు. టీచరక్క పట్టుచీర కట్టుకుని వచ్చింది. తెర మీద చెల్లెలి కంపెనీ గుర్తు వెలిగింది, నీలం రంగులో ఒక చిన్న దీపస్తంభం. తర్వాత నది. మా చిన్నమ్మ కళ్ళు తుడుచుకుంది. మా అమ్మ సోఫాలో ముందుకు వంగి, పడవలు బయటికి పోతుంటే చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది.

“ఎంత బాగా చేసిండావు మే!” అంది అమ్మ, చెల్లెలి తల నిమురుతూ.

“నేను కాదు పెద్దమ్మా. చేసింది టీచరక్క. వెతికి పట్టుకొచ్చింది అక్క,” అంది చెల్లెలు.

“అవును మే, అయినా నీ లైసెన్స్ లేకపోతే?” అంది అమ్మ.

ఆ మాటలో అబద్ధం ఏముంది? నేను లేచి వరండాలోకి పోయాను. లోపల అందరూ నవ్వుతున్నారు. చెల్లెలు నా గురించి నిజమే చెప్పింది, అందరి ముందూ చెప్పింది. అది అలా చెప్పకుండా ఉంటే బాగుండునని, అప్పుడు నా కోపానికి ఒక కారణమైనా ఉండేదని అనిపించింది.

కొన్నాళ్ళకు చెల్లెలికి డెంగీ వచ్చింది. ఆసుపత్రిలో చేర్పించారు. సరిగ్గా ఆ సమయంలోనే ఆటలో ఒక దోషం బయటపడింది. ఎక్కువ దూరం ఆడినవాళ్ళకు, దాచుకున్న ఆట తుడిచిపెట్టుకుపోతోంది. నా ఈమెయిలుకు వరసగా ఉత్తరాలు. తిట్లు కాదు, ఏడుపులు. మూడు వారాలుగా ఆడుతున్నానని, మా నాన్నతో కలిసి ఆడానని, అన్నీ పోయాయని. టీచరక్క రెండు రోజుల్లో దోషం కనిపెట్టి సరిచేసింది. కానీ సరిచేసినదాన్ని కన్సోల్ కంపెనీకి పంపే హక్కు లైసెన్సు ఉన్న మనిషి ఖాతాకే ఉంది. ఆ మనిషి సెలైన్ కింద పడుకుని ఉంది.

మధ్యాహ్నం నేను ఆసుపత్రికి పోయాను. సవరణ ఎక్కించి టీచరక్క నాకిచ్చిన చెల్లెలి ల్యాప్‌టాప్ సంచిలో ఉంది. చెల్లెలు మొహం వాడిపోయి, పెదవులు ఎండిపోయి ఉంది. పక్కన చిన్నమ్మ బత్తాయి రసం పట్టుకుని కూర్చుంది. నేను సంగతి చెప్పాను.

“పాస్‌వర్డ్ చెప్పు మే. నేనే పంపించేస్తా.”

అది కళ్ళు మూసుకుని తల అడ్డంగా ఊపింది.

“దీనికి కూడా కాదంటావా?” నా గొంతు పెరిగింది. “ఎవరు చూడొచ్చినారు ఇప్పుడు?”

“ఎవరూ చూడరక్కా. తెలిస్తే లైసెన్స్ పీకేస్తారు. అప్పురం మన ఆట ఉండదు గదా.” ఊపిరి తీసుకుంది. “లేపు నన్ను.”

చిన్నమ్మ నా వైపు ఎర్రగా చూసింది. “దాన్ని పడుకోనీ. ఒళ్ళు కాలిపోతావుండాది, నీకు ఆట కావాల్సొచ్చిందా?”

“లేపు అక్కా,” అంది అది మళ్ళీ.

నేను దాని వీపు వెనక దిండు పెట్టి లేపాను. ఎడమ చేతికి సూది. కుడిచేయి ఒక్కటే ఖాళీ. ల్యాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకునే ఓపిక దానికి లేదు. అందుకని నేను మంచం పక్కన నిలబడి, తెర దాని వైపు తిప్పి రెండు చేతులతో పట్టుకున్నాను. అది ఒక్కో అక్షరం నొక్కుతోంది. తెర వెలుగు దాని కళ్ళలో పడుతోంది. ఏదో పేజీ తెరుచుకుంది. నేను తల తిప్పుకుని గోడ మీద పాత క్యాలెండరు వైపు చూస్తూ నిలబడ్డాను.

“కొంచెం పైకి,” అంది. పైకి ఎత్తాను. “పక్కకి.” తిప్పాను.

నర్సు లోపలికి వచ్చి మమ్మల్ని చూసి, మాట్లాడకుండా సెలైన్ చూసి పోయింది. నా చేతులు లాగుతున్నాయి. చాలాసేపు పట్టింది. మధ్యలో అది కళ్ళు మూసుకుని ఆగింది, చిన్నమ్మ దాని నుదుటి మీద తడిగుడ్డ వేసింది. మళ్ళీ తెరిచి నొక్కింది. ఒక్కసారి తల తిప్పితే చాలు, అన్నీ కనపడతాయి. తిప్పలేదు. ఎందుకు తిప్పలేదో సరిగ్గా చెప్పలేను. నియమం మీద గౌరవం కాదు. జ్వరంలో కూడా ఆ తలుపు దానికే తెరుచుకుంటోంది, నేను దానికి బల్లలా నిలబడి ఉన్నాను. దొంగచూపు చూస్తే నేను ఎంతగా ఏడుస్తున్నానో నాకే తెలిసిపోతుందని కావచ్చు.

“పంపేసినా,” అని వెనక్కి వాలింది చెల్లెలు. “ఇంక నువ్వు చూడొచ్చు.”

నేను ల్యాప్‌టాప్ మూశాను. ఆ వారంలోనే సవరణ అందరికీ అందింది. ఒకాయన, తానూ వాళ్ళ నాన్నా మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టామని రాశాడు. ఆ ఉత్తరం చెల్లెలికి చదివి వినిపించాను. అది ఆసుపత్రి మంచం మీద నవ్వింది, ఆ నవ్వు చూస్తే మాత్రం ఆ కాసేపు నాలో ఏ మంటా లేదు.

తర్వాతి ఏడాది దేశాల జాబితా మారింది. ఎవరో ఫోరంలో రాస్తే చూశాను. గడి నొక్కితే, వరసలో మన దేశం పేరు ఉంది, అంతకుముందు నుంచీ అక్కడే ఉన్నట్టు. నేను దరఖాస్తు పెట్టాను. నా పేరు మీద, నా సంస్థ పేరు మీద, నా మేడమీది గది చిరునామాతో లైసెన్సు వచ్చింది. కిట్ కూడా వచ్చింది. అమ్మ దానికి పసుపు, కుంకుమ పెట్టబోతే చేయి పట్టుకుని ఆపాను. అది వాళ్ళ సొత్తు, మరకలు పడకూడదు. “అయితే గడపకు పెడతాలే” అని గడపకు పెట్టింది. గదికి తాళం వేసుకున్నాను. తాళం చెవి మొలతాడుకు కట్టుకోవాలన్నంత ఆనందం.

మర్నాడే బస్సెక్కి అరియాంకుప్పం పోయాను. టీచరక్క రెండో ఆట మొదలుపెట్టిందని నాకు తెలుసు. ఉప్పు మడుల గురించి. ఆవిడ వాకిట్లో పిల్లల చెప్పులు కుప్పగా ఉన్నాయి. ట్యూషన్ అయ్యేదాకా బయట అరుగు మీద కూర్చున్నాను.

“నాకూ వచ్చేసింది టీచరక్కా. ఇంక మనం నేరుగా చేసుకోవచ్చు.”

ఆవిడ ఎంతో సంతోషించింది. నిజంగానే సంతోషించింది. లోపలికి పోయి మురుకులు తెచ్చింది. తర్వాత నా ఎదురుగా కూర్చుని, చీర కుచ్చెళ్ళు సర్దుకుంటూ మెల్లగా అంది.

“ఏమీ అనుకోవద్దు మా. ఉప్పుది మీ చెల్లెలితోనే చేస్తా.”

“ఎందుకు?”

“ఎందుకంటే ఏం చెప్పేది? అలవాటైపోయిండాది.”

“మొదటి ఆటను వెతుక్కుంటూ వచ్చింది నేను టీచరక్కా.”

“అవును మా, యాడికి పోతాది ఆ మాట? నువ్వు రాకపోతే అది నా కంప్యూటర్లోనే చచ్చిపోయుండేది.” ఆవిడ ఒక మురుకు విరిచింది, తినలేదు. “నువ్వు ఆ ఆటను ఆడినావు. మీ చెల్లెలు నా పక్కన కూర్చుని చేసింది. అంతే మా.”

ఆ ‘అంతే’ తర్వాత, అక్కడ కూర్చుని ఉండగానే నాకొక సంగతి అర్థమైంది. ఇన్నాళ్ళూ నేను కుళ్ళుకున్నది లైసెన్సు గురించి అనుకున్నాను. లైసెన్సు వచ్చింది. కుళ్ళు పోలేదు. తిరుగు బస్సులో వంతెన మీద గాలి బాగా వీచింది, కండక్టరు చిల్లర కోసం రెండుసార్లు అడిగితే గానీ వినపడలేదు.

ఇప్పుడు నేను వేరేవాళ్ళ ఆటలు కన్సోల్లో వేస్తున్నాను. రేడియో ఆట వచ్చింది, పులి–మేక వచ్చింది. వాటిని ఇష్టపడేవాళ్ళు ఇష్టపడ్డారు. రెండూ మొదటిసారి పరీక్షలో తప్పాయి. ఎందుకు తప్పాయో తెలిసిన రోజు, నాకు ముందుగా గుర్తొచ్చింది చెల్లెలే. ఇద్దరమూ ఒకే కంపెనీకి సంతకం పెట్టాం కాబట్టి, ఆ కంపెనీని అడిగి, మేమిద్దరం మాట్లాడుకోవచ్చని అనుమతి తెచ్చుకున్నాం. ఆ ఆదివారం అది నా గదికి వచ్చింది. తాళం తీసి లోపలికి తీసుకుపోయాను. మధ్యాహ్నమంతా మాట్లాడుకున్నాం. కంట్రోలరు తీగ ఊడిపోతే ఆట ఎట్లా ఆగాలో, యంత్రం నిద్రపోయి లేచాక ఏం జరగాలో. అప్పుడు నాకు ఆ ఇడ్లీల రోజు నవ్వు ఏమిటో కూడా చెప్పింది. యంత్రం నిద్ర లేవగానే ఆటలో అలలు రెండింతల వేగంతో వచ్చి పడవలన్నిటినీ ఒడ్డున పారేసేవట. నేను కూడా పగలబడి నవ్వాను. అది చెప్పే తీరులో టీచరక్క గొంతు వినపడింది.

పోయేముందు సైకిల్ తాళం తీస్తూ అడిగింది.

“అక్కా, నీకు నా మీద కోపమా?”

“కోపం కాదు మే.”

మరి ఏమిటని అది అడగలేదు. తెలిసే అడగలేదనుకుంటాను. “సరి, ఎండగా ఉండాది, పోతా” అని సైకిలెక్కింది.

ఉప్పు మడుల ఆట గత నెల విడుదలైంది. అందరిలాగే డబ్బు పెట్టి కొనుక్కుని ఆడాను. మొదటిదానికన్నా బాగుంది. ఎండ ఎక్కేకొద్దీ నీళ్ళు తెల్లగా మారి, అంచుల్లో ఉప్పు పేరుకునే తీరు చూస్తే ఒళ్ళు జలదరిస్తుంది. ఈసారి కూడా లోపల తెలుగు ఉంది, టీచరక్క అడిగితే నేనే రాసిచ్చాను. రోజూ పొద్దున కాఫీ పెట్టుకుని కంప్యూటరు తెరిచాక, నా ఆటల గురించి ఎవరేం రాశారో చూడడానికి ముందు చెల్లెలి ఆట గురించి ఏం రాశారో చూస్తాను. మంచి మాటలే ఉంటాయి. అన్నీ చదివి, తర్వాత నా పనిలో పడతాను.